గోడ అవతలి సమాధి

చిత్తూరు కతోలిక చర్చి గురువు బల్లమీద ఒక నేరపరిశోధన నవల ఉంది. చర్చి గ్రంథాలయం కోసం దాన్ని తెచ్చిన రచయిత్రి ఆయన ఎదుట నిలబడి ఉంది.

“బాగానే రాసినావమ్మా. అయితే ఇది కతోలికులు చదవదగింది కాదు. ఇందులో పాపం ఉండాది, పశ్చాత్తాపం లేదు.”

“హంతకుడు చివర్లో ఏడ్చినాడు గదా, ఫాదర్.”

“నేననేది నవల్లో గురువు సంగతి. ఉరేసుకున్నోళ్ళకు లోపల చోటు లేదని ఆ బిడ్డను సమాధుల గోడ బయట పూడ్పించినాడు. మొగుడే చంపినాడని తేలినాక గూడా కదల్లేదు. మన గురువులు అట్లుంటారా?”

“మా అక్క ఇంకా గోడ బయటే ఉండాది, ఫాదర్.”

“అప్పుడు పోలీసులు ఉరేసుకుందనే చెప్పినారు.”

“కోర్టు వేరేగా చెప్పినాక గూడా, చనిపోయినోళ్ళ కోసం చేసే ఆత్మల పండగ నాడు మీరు లోపలి సమాధులకే దీవించిన నీళ్ళు చల్లినారు.”

“కథలోనన్నా ఆయనకు పశ్చాత్తాపం కలిగినట్టు రాసుండొచ్చు గదమ్మా.”

“రాసి చూసినా, ఫాదర్. నమ్మేటట్టు లేదని కొట్టేసినాను.”