చవక బ్రాంచీ

2025 జూలై 13, ఆదివారం. ధర్మవరంలోని ఒక పట్టుచీరల అంగడిలో దాని యజమాని, ఇంటర్ ముగించిన ఆయన కూతురు మాత్రమే ఉన్నారు. వారి ముందు హిందూపురం వైపున్న ఒక ప్రైవేటు ఇంజనీరింగు కాలేజీ దరఖాస్తు ఉంది. అందులో బ్రాంచీ గడి ఒక్కటే ఖాళీ.

"కంప్యూటర్‌కు ఏడాదికి రెండు లక్షలు, మెకానికల్‌కు తొంభై వేలేనా? పెద్ద పెద్ద యంత్రాలన్నీ ఆడనే కదమ్మా ఉండేది?"

"యంత్రాలను బట్టి కాదు నాయనా, గిరాకీని బట్టి."

"అట్లయితే నువ్వు అడిగేది నాసిరకమేమో. చవకది కొనిచ్చినానని పెనుకొండలో మీ మామ నవ్వడా?"

"మన అంగట్లో ఇప్పుడు చీరలకు తగ్గింపు ఎందుకు పెట్టినావు?"

"ఆషాఢం కదా. పెండ్లిండ్లు లేవు, కొనేవాళ్లు తక్కువ."

"అయితే అవి నాసిరకం చీరలా?"

"నోరు కడుక్కో. అదే పట్టు, అదే జరీ. శ్రావణం వస్తే అదే చీరకు రేటు పెరుగుతాది."

"మెకానికల్‌కు ఇప్పుడు ఆషాఢం నాయనా."

"శ్రావణం వస్తాదంటావా?"

"తెలీదు. నేను దానికోసం అడగడం ల్యా. నాకు ఆ చీరే నచ్చింది."

"నచ్చిన చీర పక్కన పెట్టించి ఇంకోటి అంటగట్టే యాపారం నేను యానాడూ చెయ్యలేదులే. కలం ఇట్లియ్యి."

ఆయన ఖాళీ గడిలో మెకానికల్ అని రాసి, కింద సంతకం చేసి, కాగితాన్ని జాగ్రత్తగా మడిచి కూతురి సంచిలో పెట్టాడు.