ఎడమ చీలమండ

ఫుట్‌బాల్ ఆటకి ఇంకా గంటన్నర ఉంది. డ్రెస్సింగ్ రూము బయట నడవాలో ఎలోయ్, బూట్లు చేత్తో పట్టుకుని. ఎదురుగా అతని తల్లి ఒబ్దూలియా.

"ఎడమ కాలురా. చీలమండ దగ్గర."

"అమ్మా, ఆపు."

"ఇంత లావు వాచింది. పొద్దున వాళ్ల హోటల్లో నా కళ్లతో చూశాను. సూది వేయించుకుని దిగుతున్నాడు నీ తమ్ముడు."

"ఆపమన్నానా! ఎవరైనా వింటారు. అసలు నిన్ను లోపలికి ఎవరు రానిచ్చారు?"

"గేటు దగ్గర పెలాయో. ఎలోయ్ వాళ్లమ్మనంటే ఈ ఊళ్లో ఎవరాపుతారు?"

"ఇవాళ ఆపాల్సింది. ఇవాళ నువ్వు అవతలి జట్టు సెల్సో వాళ్లమ్మవి కూడా."

"రెండూ నేనే. ఏం చెయ్యమంటావు, సగానికి కోసుకోనా?"

"పైకెళ్లి కూర్చో. ఎవరు గోల్ కొట్టినా చప్పట్లు కొట్టకు. అంతే."

"ఆ కాలు మీద గట్టిగా ఆనలేకపోతున్నాడు. గుర్తుంచుకో."

"గుర్తుంచుకోవాలా? మర్చిపోవాలి నేను! నా పనేంటో తెలుసా నీకు? ఎదుటివాడు ఏ కాలు మోపడానికి భయపడుతున్నాడో కనిపెట్టి, ఆటంతా వాణ్ణి అటే తొయ్యడం. పదహారేళ్లుగా అదే తిని బతుకుతున్నా. నాకు నేనుగా కనిపెడితే అది ఆట. నువ్వు చెబితే..."

"చెబితే?"

"చెబితే అది ఇంకోటి."

"ఏమో, నాకివన్నీ తెలియవు."

"తెలుసు. బాగా తెలుసు. కొట్టొద్దని చెప్పడానికొచ్చావు. చిన్నోడు, చూసి ఆడు అని. అదేగా?"

"కొట్టొద్దని అన్నానా నేను?"

"అనక్కర్లేదు. చిన్నప్పటి నుంచీ అంతేగా. పెరట్లో వాడు పడితే దెబ్బలు నాకు."

"నువ్వు తోసేవాడివి."

"వాడు పడేవాడు! చెయ్యి తగలకముందే పడేవాడు. ఇప్పుడూ అంతే, టీవీలో చూడు."

"నవ్వించకు ఎలోయ్. ఓపిక లేదు నాకు."

"అమ్మా, విను. నేను వాడి మీదికి మెల్లిగా వెళ్లి, వాడు గోల్ కొట్టాడనుకో. తమ్ముడి కోసం ఊరినే అమ్మేశాడంటారు. నా తలకి తగిలి బంతి మన గోల్లోకే వెళ్లిన ఏడాది గుర్తుందా? ఆ తర్వాత రెండేళ్లు ఏ కాఫీ బార్లోనూ నా మొహం చూసి కాఫీ పొయ్యలేదు. పోనీ గట్టిగా వెళ్లి, వాడి కాలు విరిగిందనుకో..."

"అనుకో."

"నువ్వే నన్ను గడప తొక్కనివ్వవు."

"అలా మాట్లాడకు."

"మరి ఎందుకు చెప్పావు? ఎందుకు చెప్పావమ్మా?"

"నీకు తెలియాలని."

"అదే, ఎందుకని?"

"తెలియాలంతే. ఇంకేం అడక్కు... అరుగో, మీ మిస్టర్ వస్తున్నారు."

జట్టు కోచ్ లిసార్దో. ఆటగాళ్లందరికీ ఆయన 'మిస్టర్'.

"ఇక్కడున్నావా! లోపల అందరూ వెతుకుతున్నారు నీకోసం. ఒబ్దూలియాగారూ, బాగున్నారా? ఇవాళ ఎవరి వైపు?"

"దేవుడి వైపు, మిస్టర్."

"అందరం అటే లెండి. ఎలోయ్, ఒక్క మాట. మీ తమ్ముడు వారంగా ప్రాక్టీసుకి దిగలేదట. ఏంటి సంగతి?"

"నాకేం తెలుసు."

"మాట్లాడుకోరా ఇద్దరూ?"

"ఈ వారం మాట్లాడుకోలేదు."

"కాలు బాగా లేదని చెవిన పడింది. ఏ కాలు?"

"తెలియదు, మిస్టర్."

"ఎడమా? కుడా?"

"తెలియదన్నాను."

"అమ్మగారికి తెలిసే ఉంటుంది."

"మా అమ్మని వదిలెయ్యండి."

"వదిలేశా. నిన్నే అడుగుతున్నా. చూడు, నీకు ముప్పై ఐదు. దక్షిణం నుంచి పెద్ద క్లబ్బు పిలిచినా పోకుండా ఈ చొక్కాలోనే ఉండిపోయావు. మూడుసార్లు మొదటి డివిజన్ గుమ్మం దాకా వెళ్లి వెనక్కొచ్చావు. ఇవాళ గెలిస్తే లోపలికి. ఓడితే ఇంటికి. ఇంకోసారి లేదు నీకు, ఆ సంగతి నీకూ తెలుసు."

"తెలుసు."

"ఒక్క మాట చెప్పు చాలు. సెల్సో దగ్గర ఇంకొకణ్ణి పెడతా. నువ్వు ముట్టుకోనక్కర్లేదు. ఆ పని వాడు చేస్తాడు."

"ఏ పని?"

"ఆట పని."

"నా మొహం చూసి చెప్పండి మిస్టర్. ఏ పని?"

"గొంతు తగ్గించు."

"నాకు తెలియదు. తెలిసినా చెప్పను. వాడి సంగతి మైదానంలో నేనే చూసుకుంటా. వద్దనుకుంటే నన్ను బెంచీ మీద కూర్చోబెట్టండి."

"ఇవాళా? నిన్నా?"

"కూర్చుంటా. మాట్లాడకుండా కూర్చుంటా."

"పిచ్చోడివి. ఈ వయసులోనా నీకీ పట్టుదల! సరే, ఐదు నిమిషాల్లో లోపలుండు. సెల్సోని నువ్వే పట్టుకో. వాడు గోల్ కొట్టాడో, ఊరికి జవాబు నువ్వే చెప్పుకోవాలి. వస్తానండీ, ఒబ్దూలియాగారూ."

తలుపు మూసుకుంది.

"వెళ్లిపోయాడా?"

"వెళ్లాడు. నువ్వూ వెళ్లమ్మా ఇంక... ఏంటి, ఏడుస్తున్నావా? చెప్పలేదుగా నేను. విన్నావుగా."

"విన్నా. అందుకే."

"అందుకేంటి?"

"చెబుతావనుకున్నా ఎలోయ్. ఆయన అడగ్గానే చెప్పేస్తావనుకున్నా. నువ్వు చెబితే సరికి సరి అయిపోతుందనుకున్నా."

"దేనికి సరి?"

"నా మీద అరవకు."

"అరవట్లేదు. దేనికి సరి, అమ్మా?"

"నోరు జారాను. మొన్న ఫోన్లో, వాడి దగ్గర. అన్నయ్యకి కుడి మోకాలు వంగట్లేదురా, మెట్లు కూడా పట్టుకుని దిగుతున్నాడు, కాస్త చూసి ఆడు అని. చూసి ఆడమనే చెప్పాను నాయనా, ఒట్టు..."

"చెబితే? వాడేం చేశాడు?"

"పొద్దున వాడే ఒప్పుకున్నాడు నా దగ్గర. వాళ్ల మిస్టర్ అడక్కముందే చెప్పేశాడటరా."