ఉంచమన్న తప్పు

నిఘంటువు ఆఫీసులో అదే ఆమెకు ఆఖరి రోజు. సొరుగు సర్దుకుంటుంటే, ఆమె స్థానంలోకి వచ్చిన కొత్తతను కంప్యూటర్ తెర చూపించి అడిగాడు.

“మేడమ్, ఈ స్టైల్‌షీటు మన నిఘంటువు ఎక్స్‌ఎంఎల్ ఫైల్లో ట్యాగు తప్పున్న చోటల్లా పసుపు రంగు పూస్తుందా?”

“ఆఁ, నాకీ పని నేర్పిన మా మాస్టారు రాశారు. చేరిన కొత్తలో నేను అర్థాలన్నీ ఉదాహరణలకు గుర్తుగా వాడే ట్యాగుల్లో పెట్టేశాను. ‘పొద్దుతిరుగుడు చేనులా ఉందమ్మా నీ ఫైలు!’ అని ఒకటే నవ్వు.”

“అన్నీ దిద్దేశారుగా?”

“‘ఓపిక’ అనే మాట దగ్గర ఒక్క తప్పు ఉంచమన్నారు. అసలు పసుపే రాకపోతే షీటు పనిచేస్తోందో లేదో తెలిసేదెలా? ఆయన పోయాక కూడా రోజూ పొద్దున్నే దాని మొహం చూశాకే పని మొదలుపెడతాను.”

అతను నాలుక కరుచుకున్నాడు.

“ఇందాకే దిద్దేశానండీ.”

ఆమె సొరుగు మూసి, కుర్చీ దగ్గరికి లాక్కుంది.

“జరుగు నాయనా. ఆ తప్పు చెయ్యడం నాకొక్కదానికే వచ్చు.”