కొండదారి డ్రైవరు భయం

కేరళలోని ఇడుక్కి కొండల్లో బస్సు నడిపే పైలీ మూడోసారి కూడా చొక్కా బొత్తాం తప్పు కాజాలోనే పెట్టుకున్నాడు. ఉడికించిన కర్రపెండలం పళ్ళెం అతని ముందు పెట్టిన భార్య త్రేసియాకు ఓపిక నశించింది.

“చేతులెందుకు వణుకుతున్నాయండీ?”

“చలికి.”

“ఏప్రిల్లో చలా? బస్సు లోయ అంచుదాకా జారిన రోజు నుంచీ మీకు ఇదే చలి. నిద్రలో బ్రేకు తొక్కుతున్నారు, నా పిక్కలు కమిలిపోయాయి.”

“అందరం బతికే ఉన్నాంగా. ఇంకా ఎందుకా గోల?”

“మీ వెనక యాభైమంది కూర్చుంటారు. వాళ్ళకీ చలి అనే చెబుతారా?”

“ఇరవై రెండేళ్ళ సర్వీసు నాది. భయపడ్డానంటే డిపోలో నవ్వరూ?”

“నవ్వితే వాళ్ళ పళ్ళే కనిపిస్తాయి. నాతో చెప్పడానికేం రోగం?”

అతను పళ్ళెం పక్కకు జరిపాడు.

“భయమేస్తోంది త్రేసియా. స్టీరింగు పట్టుకుంటే ఆ లోయే కనిపిస్తోంది.”

“ఈ ముక్క చెప్పడానికి రెండు నెలలు పట్టిందా మీకు?” కసురుతూనే ఆమె కళ్ళు తుడుచుకుంది. “ఉండండి, జ్వరమని డిపోకి ఫోన్ చేస్తాను.”

“వద్దు. ఇటివ్వు.”

అతను ఫోన్ అందుకుని తనే డిపోకి కలిపాడు.

“సార్, పైలీని. ఒంట్లో బాగానే ఉంది సార్. భయంగా ఉంది. ఇవాళ బండి తీయలేను.”