వంతెన దారిన వెళ్ళినవాడు

వద్దు తల్లీ, ఆ బట్టలు నేను వేసుకోను. ముట్టుకు చూడు, అట్టముక్కల్లా ఉన్నాయి! ఇంత గంజి ఎవరైనా పెడతారా? నలభై ఏళ్ళు లాండ్రీ నడిపిన మనిషిని. ఊరందరి ముందు ఈ బట్టల్లో నిలబడితే నా పరువేం కాను?

నవ్వకు. టౌన్‌హాల్ ఆఫీసరువి, చదువుకున్నదానివి. సన్మాన సభ పది గంటలకని నువ్వే అన్నావు, ఇంకా గంటుంది. కూర్చో. ఆ కుర్చీ కాదు, దాని కాలు ఊగుతుంది. స్టూలు లాక్కో.

సభలో చెప్పమని నువ్వు రాసిచ్చిన కాగితం నా కూతురు పొద్దున్నుంచి నాలుగుసార్లు చదివింది. 'శత్రు సైనికుడైనా నా బిడ్డలా చూసుకున్నాను' అట! ఎవర్నమ్మా? ఈ పొడుగోణ్ణా?

శత్రువులు ఊరు పట్టుకున్న ఆ చలికాలం మా ముందు గదుల్లో దిగిన ఇద్దరు సైనికుల్లో వీడొకడు. పేరు నోరు తిరక్క పొడుగోడు అనుకునేవాళ్ళం. బట్టలు ఆరడం ఒక పూట ఆలస్యమైందని మా మామగారి చెంప పగలగొట్టాడు. డెబ్భై ఏళ్ళ ముసలాయన! పోయేదాకా ఆ చెవి మళ్ళీ వినపడలేదు. పేపర్లో నా గురించి రాశాడే, ఆ సంగతి రాశాడా? ఎందుకు రాస్తాడు! 'ఆ తల్లి నాకు దారి చూపింది' అని మాత్రం రాశాడు.

మంచివాడు రెండోవాడు. నత్తోడు. నత్తి వల్ల వాళ్ళ భాషే వాడికి తిన్నగా వచ్చేది కాదు పాపం, ఇక మన భాషలో మాట్లాడితే చూడాలి! మా అమ్మాయికి కోరింత దగ్గు పట్టుకుని ఊపిరాడకపోతే, వాళ్ళ ఆస్పత్రి నుంచి సిరప్పు సీసా జేబులో దాచుకొచ్చాడు. దొరికితే తోలు తీసేవాళ్ళు.

చలికి, సబ్బుకి నా చేతులు పగిలి నెత్తురు కారుతుంటే, తుపాకీ గోడకి ఆనించి నాతో దుప్పట్లు పిండేవాడు. మా ఆయన ఏనాడూ పిండలేదమ్మా! ఇద్దరం చెరో కొసా పట్టుకుంటే, నేను తిప్పిన వైపే వాడూ తిప్పేవాడు. ఇక మెలి ఎక్కడ పడుతుంది? మళ్ళీ మొదటికి. నవ్వలేక చచ్చేదాన్ని.

మా ఆయన సంగతి నీకు తెలియనిదేముంది. చౌరస్తాలో రాతి మనిషై నిలబడ్డాడుగా. అప్పుడు కొండల్లో ఉండేవాడు, మనవాళ్ళతో. శత్రువులు వెనక్కి పోతున్నారని కబురు తెలిసి, పోయేటప్పుడు వంతెన పేల్చేద్దామన్నాడు. పేలుడు మందు నువ్వే చేరవెయ్యాలన్నాడు.

పొడిబట్టల మూటైతే కాపలావాళ్ళు కత్తి దింపి చూస్తారు. సబ్బు పెట్టిన తడిబట్టల్లో ఎవడు చెయ్యి పెడతాడు? జాడించడానికి రోజూ వంతెన కిందికి వెళ్ళేదాన్నేగా. మైనపు గుడ్డ చుట్టిన పొట్లాలు ఆ తడిబట్టల అడుగున పెట్టి ఆరు రోజులు మోశాను. ఒక్కడు ఆపితే ఒట్టు. ఎంత గర్వంగా ఉండేదనుకున్నావు!

ఆ రోజు రానే వచ్చింది. పొద్దున్నే ఇద్దరూ సామాను సర్దుకున్నారు. ఊరు దాటడానికి రెండే దారులు, వంతెన ఒకటి, ఏటి గట్టు ఒకటి. 'ఎటు దగ్గర?' అన్నాడు పొడుగోడు. మొహం నిండా నవ్వు పులుముకుని 'వంతెన దారి బాబూ' అన్నాను. చస్తాడనే అన్నాను. అదీ వీడికి నేను చూపిన దారి. దానికి ఈ సన్మానం!

ఉండు, లేవకు. అసలుది ఇంకా చెప్పలేదు.

పొడుగోడు పెద్ద అంగలేసుకుంటూ వీధి మలుపు తిరిగాడు. నత్తోడు వాడి వెనకే బయల్దేరాడు. ఒక్క కంచంలో తిన్నవాళ్ళమ్మా ఇద్దరూ. గుమ్మం దగ్గర నేనే వాడి చెయ్యి పట్టుకున్నాను. 'నువ్వు అటు వెళ్ళకు, గట్టు మీంచి వెళ్ళు' అన్నాను. ఎందుకన్నాడు. ఏం చెప్పను? చెబితే మావాళ్ళ ప్రాణాల మీదికొస్తుంది. వాణ్ణి వదిలి వెళ్ళనని తల అడ్డంగా ఊపాడు. నేను చెయ్యి వదిలితేగా! మా అమ్మాయి నెత్తిన చెయ్యి పెట్టి ఒట్టేశాను. కాళ్ళు పట్టుకున్నంత పని చేశాను. ఆఖరికి 'స... సరే అక్కా' అన్నాడు. మన భాషలోనే అన్నాడు. గట్టు వైపు తిరిగాడు.

వంతెన పేలలేదు.

మందు నానిపోయింది తల్లీ. సబ్బునీళ్ళు మైనపు గుడ్డలోంచి కూడా దిగుతాయి, మడత దగ్గర. నాకు తెలియదా? నా బతుకంతా సబ్బునీళ్ళే కదా! తెలుసు. ఆ సమయానికి తోచలేదు, అంతే. వీడు ఈలేసుకుంటూ దాటిపోయుంటాడు.

మనవాళ్ళకి పిచ్చెక్కినంత కోపం వచ్చింది. అన్నాళ్ళ కష్టం మట్టిపాలైందని తుపాకులు పట్టుకుని గట్టు మీదికి పరిగెత్తారు, దొరికినవాణ్ణి దొరికినట్టు కాల్చేద్దామని. ఒక్కడే దొరికాడు.

నాకెలా తెలుసా? మూడో రోజు మా ఆయన ఇంటికొచ్చాడు. వీధంతా కేకలు, కౌగిలింతలు. ఆయన చంకలో ఒక చొక్కా. 'ఉన్నిది, మంచి బట్ట. మరకలు వదలగొట్టి చిల్లు కుట్టిపెట్టు, నేను తొడుక్కుంటా' అన్నాడు. నెత్తురు మరకకి చన్నీళ్ళే పొయ్యాలి, వేడినీళ్ళు పోస్తే పట్టేస్తుంది. చన్నీళ్ళలో వేసి కాలరు తిరగేశాను. ఎర్రదారంతో మూడు కుట్లు. ఎవరి బట్టలు వాళ్ళకి చేరాలని మేం వేసే గుర్తు. అది నత్తోడికి నేనే వేసిన గుర్తు.

అరిచానా? ఏడ్చానా? ఉతికాను. పదకొండేళ్ళు తొడుక్కున్నాడు మా ఆయన ఆ చొక్కా. ప్రతి వారం నేనే ఉతికాను, నేనే ఇస్త్రీ చేశాను. ఆయన పోయేదాకా చెప్పలేదు. చెబితే మాత్రం ఏమనేవాడు? 'శత్రువు శత్రువేగా' అని అటు తిరిగి పడుకునేవాడు.

అదేంటి, ఏడుస్తున్నావా? ముక్కు ఎర్రగా చేసుకుని సభకి వెళతావా ఏంటి? తుడుచుకో.

ఇప్పుడు వీడొచ్చాడు. వీడి ఉత్తరం నువ్వే కదా చదివి వినిపించావు. నాకు దండం పెట్టుకోవాలట, ఒక్క మాట అడగాలట. 'మావాడు ఆ రోజు గుమ్మం దాకా వచ్చి, నా వెంట ఎందుకు రాలేదు? ముప్పై ఎనిమిదేళ్ళుగా ఇదే ఆలోచన. వాళ్ళమ్మ నన్ను అడిగి అడిగి పోయింది' అని.

ఏం చెప్పమంటావు? 'నిన్ను చంపబోయి వాణ్ణి చంపుకున్నాను' అని మైకులో చెప్పనా? వాళ్ళ నాన్న విగ్రహాన్ని నా కూతురు వారం వారం కడుగుతుంది, తెలుసా? దాని మొహం ఎలా చూడను?

తెలియదని చెబుదామనే అనుకున్నాను. నిజం. నిన్నటిదాకా అదే అనుకున్నాను. నిన్న సాయంత్రం వీడు హోటలు మెట్లెక్కుతుంటే చూశాను. ఓ పక్క పెళ్ళాం, ఓ పక్క కొడుకు, ముందు గెంతుతూ మనవలు. నత్తోడికి ఇరవై రెండేళ్ళమ్మా!

అందుకని ఇలా చెబుతాను. 'నీ మీద కోపంతోనే ఆగిపోయాడు నాయనా. నువ్వంటే అసహ్యమన్నాడు. నీతో ఇక ఒక్క అడుగు కూడా వెయ్యనన్నాడు.' నెమ్మదిగా చెబుతాను, చెయ్యి పట్టుకుని, తల నిమురుతూ. నమ్ముతాడు. వాడికి నేను తల్లిని కదా!

అలా చూడకు. పాపమే. ఆ మాట పట్టుకునే వాడు కాటికి పోతాడు, అదీ తెలుసు. ఇన్నేళ్ళూ నేనొక్కదాన్నే మోశాను. వాడూ కాస్త మొయ్యనీ.

నువ్వు వాడితో చెప్పేస్తావా? చెప్పవు. చెబితే నీ సభ పాడవుతుంది, పైవాళ్ళు నిన్నే తిడతారు. లే, టైమవుతోంది. పాపం, ముసలాడు ఎదురుచూస్తుంటాడు.