చింతగింజల డబ్బా

సిద్దిపేటలో ఒక దవాఖాన, 1993. తాటిచెట్టు మీద ఉండగానే గుండెపోటు వచ్చి, దిగీ దిగగానే పడిపోయిన బుచ్చిరాములును, దవాఖాన నుంచి ఇంటికి పంపిన నెలకు మళ్లీ చూపించడానికి భార్య కనకవ్వ తీసుకొచ్చింది. ఎదురుగా నర్సు స్వరాజ్యలక్ష్మి.

"గేటు కాడికెల్లి ఈడికి నాలుగడుగులు. గంతల్నే గింత దమ్మా, పెద్దాయినా?"

"ఏం జెప్పాలె, బిడ్డా. గీమె నన్ను..."

"నువ్వు మాట్లాడకు, ఆయాసమొస్తది. నేను జెప్త, సిస్టరమ్మా. అడుగు."

"గోలీలు ఏస్తున్నవా, కనకవ్వా?"

"పొద్దుగాల ఎర్రది, మాపటికి తెల్లది. నా చేత్తోనే."

"ఉప్పు?"

"ఇంటిల్లిపాదికి సప్పిడి కూరనే. కోడలు మూతి ముడుస్తది, ముడువనీ."

"బీడీలు?"

"కట్టలు కట్టలే పొయ్యిల వెట్టిన."

"నా పానం గూడ పెట్టింది, బిడ్డా."

"నవ్వొస్తుందా నీకు?"

"సరే సరే. మరి నడక? రోజు పది నిమిషాలు, వారం వారం పెంచుమన్న. రాసుడు రాదంటివి, నడిచిన దినమల్ల డబ్బల ఒక చింతగింజ ఎయ్యిమన్న."

"గిదిగో డబ్బ. లెక్కవెట్టుకో."

"ఇరవై ఆరు, ఇరవై ఏడు, ఇరవై ఎనిమిది! ఒక్క దినం తప్పలే!"

"ఎట్ల తప్పుత? నువ్వు జెప్పినంక."

"ఎందాక నడుస్తున్నరు?"

"ముందుగాల బడి దాక. గిప్పుడు ఈతవనం దాక."

"గంత నడిచే మనిషికి గీ కాళ్ల వాపేంది? గీ దమ్మేంది? మందు పనిజేస్తలేనట్టుంది. డాక్టర్ సాబ్ హైదరాబాద్ రాస్తడు."

"హైదరాబాదా? ఒద్దమ్మా! గాడ మాకెవలున్నరు?"

"మరి నన్నేం జెయ్యమంటవ్, అవ్వా? చెప్పిందంత చేస్తున్నవ్, అయినా తగ్గకపాయె. నీ కాలుకు గా గుడ్డపేలికేంది?"

"ఏం లేదు. ముల్లు."

"ఇటు సూడు. నిజంగ నడుస్తుండా?"

"నడక తప్పలేదంటున్న గద."

"అది గాదు నేనడిగేది. పెద్దాయినా, నువ్వు జెప్పు."

"నన్ను మంచం దిగనియ్యది, బిడ్డా. దిగుతే చెట్టు కాడ లెక్కనే పడిపోతనని ఏడుస్తది."

"కనకవ్వా! నడిస్తేనే గుండెకు బలమని, పండవెట్టద్దని ఎన్నిసార్లు జెప్పిన? ఇంటోల్లు గూడ ఎంబడి నడువాలెనంటి గదా? మరి గీ గింజలెవలియి?"

"నాయే, సిస్టరమ్మా. మల్లన్న గుడి కాడ ఆయిన మొక్కిన మొక్కుకు ఆయిన బదులు నేను పొర్లుదండాలు వెట్టలేదా? గిది గూడ గట్లనే అనుకున్న. దినాం ఆయిన పేరు జెప్పుకొని నేనే నడిచిన. ముల్లు దిగిన్నాడు గూడ ఆపలే."