తెల్వదు అంటే కొంగకాలు

నల్లగొండ నుంచి మా మక్తల్ దాకా గాలిచ్చినా ఇంగ్లీషు చెప్పుట్ల నా అసొంటి పంతులు దొరకడు, చెన్నయ్యన్నా! ఏంది, గట్ల చూస్తవు? సరే సరే. మన బడిల ఇంగ్లీషు చెప్పెటోన్ని నేనొక్కన్నే, ఇగ పోటీ ఎవలతోని? నాకన్న ముందున్న సారు పోలీస్ యాక్షన్ రోజులల్ల పెట్టె సదురుకొని పోయిండు, మల్ల రాలే. ఆ ఖాళీ కుర్చీల నన్ను కూసోబెట్టిండ్రు. మెట్రిక్‌ల ఇంగ్లీషుకు నాకొచ్చినయి ముప్పై అయిదు. పాసుకు ముప్పై మూడు. ఆ మిగిలిన రెండు మార్కులనే ఊరి పోరగాళ్లందరికీ పంచుతున్న.

జర నవ్వరాదే అన్నా! వచ్చి గడియ అయితాంది. నేను మాట్లాడుడే గని నీ నోట్ల నుంచి ఊ అన్న మాట లేదు. పెదవుల మధ్యన దారం పెట్టుకుంటే అదొక సాకు. ఎప్పుడు ఏమడిగినా నీ నోట్ల దారమే ఉంటది.

గీ అంగీలు తెచ్చిన. అయిదు. అయిదిట్లకూ గుండీలు ఊడినయి. తొందరేం లేదు, చేతితోనే కుట్టు. కుట్టు మిషను మిలిట్రీ క్యాంపుల నుంచి ఇంక రాలేదని బిక్షమ్మ వదినె చెప్పింది. పది నెలలు జైల్ల ఉండి వచ్చినవు, నాలుగొద్దులు కాలే, అప్పుడే సూది పట్టినవు. మేరోడివి, కుట్టే చెయ్యి ఊకె ఉండదు.

అయిదంగీలకు ఒక్కసారే గుండీలెట్ల ఊడినయంటవా? అడగకన్నా. అది తర్వాత చెప్త.

నేను వచ్చింది గుండీల కోసం కాదు. నీ బిడ్డ కౌసల్య కోసం.

గిప్పుడే చూసిన. పిల్ల చెంబుల నీళ్లు తెచ్చి నీ పక్కన పెట్టింది. నువ్వు తలెత్తలే. జైలు నుంచి వచ్చినకాడి నుంచి దానితోని ఒక్క మాట లేదట, అది తెచ్చిన నీళ్లు తాగవట, అది వడ్డిస్తే కంచం జరుపుతవట. వదినె బావికాడ ఏడ్చుకుంట చెప్పింది. అటు పిల్ల బడికి రాక పది నెలలాయె. ‘అయ్యో వదినె’ అని తల ఊపి వచ్చిన. ఊపుడు మంచిగ వస్తది నాకు.

ఊరంత అనేది నీకు ఎర్కనే. ‘బాపు పని బిడ్డనే మిలిట్రీకి చెప్పింది. నాలుగు ఇంగ్లీషు ముక్కలొచ్చినయని నోరు ఆగలే.’ అంతే గద? నువ్వూ అదే నమ్మినవు. నమ్మకేం చేస్తవు? ఎవ్వలూ సక్కగ చెప్పలే.

నేను చెప్త. గని జర మొదట్నుంచి చెప్పనియ్యి. సీదా చివరికే పోతే నా నోరు పెగలదు.

పోయిన ఏడు నేను బడికొచ్చినప్పుడు మన పోరగాళ్లకు ఇంగ్లీషంటే పుస్తకం చూసి గడగడ అప్పజెప్పుడే. నర్సింహ లేడా, గొల్లోళ్ల పిల్లగాడు? ఒక పాఠం పాఠమంత ఊపిరి తీయకుండ చెప్పిండు. ‘బిడ్డా, నీ పేరేందో ఇంగ్లీషుల చెప్పు’ అంటే నా మొఖం చూసిండు. నాకు మస్తు నవ్వొచ్చింది. ఎందుకంటే నేనూ గట్లనే పాసైన!

అప్పుడు అనుకున్న, గీ పుస్తకం పక్కన పెట్టి ఆటలు ఆడిపిస్త అని. నేల మీద సున్నంతోని మూడు గీతలు గీసిన. ఒకటి నిన్నటి గీత, ఒకటి ఇయ్యాల్టి గీత, ఒకటి రేపటి గీత. నిన్నటి గీత మీదికి దుంకినోడు నిన్న చేసిన పని చెప్పాలె. రేపటి గీత మీద నిలబడ్డోడు రేపు చేసేది చెప్పాలె. కాలాలన్నీ కాళ్లతోనే నేర్చుకున్నరన్నా! నర్సింహ ఎప్పుడూ రేపటి గీత మీదికే దుంకుతుండె. ఎందుకురా అంటే, ‘రేపటి ముచ్చట అబద్ధమైనా ఎవ్వలకు దొరకదు సార్’ అన్నడు. వానికున్న తెలివి నాకుంటే గీ గతి ఎందుకు!

ఇంగొకటి అంగడి ఆట. గురుగులల్ల శెనగలు పోసుకొని ఒకడు కోమటి, ఒకడు గిరాకి. బేరం ఇంగ్లీషులనే ఆడాలె. బేరం కుదరకపోతే ఆఖరుకు కోమటే శెనగలన్ని బుక్కుతుండె.

అన్నిట్ల పెద్దాట బంతి ఆట. నీకు యాదికున్నదా, నేను వచ్చి ‘అన్నా, బడి పిల్లలకు మెత్తటి బంతి కుట్టియ్యి’ అన్నది? నువ్వు మూలకున్న పీలికలన్ని గుండ్రంగ కుక్కి, పైన ముక్కలు అతికి కుట్టిచ్చినవు. పైస తీసుకోలే. ‘పిల్లలకు గద, తీస్కపో’ అన్నవు. ఆ ఒక్క మాట మాట్లాడినవు. నేను బంతినే చూసిన, ముక్కలు చూడలే. కుట్టినోనివి నువ్వే చూడకపోతివి!

ఆట ఇట్ల. రెండు వరుసలు ఎదురెదురుగ కూసుండాలె. బంతి ఎవల చేతిల పడితే వాళ్లు ఇంటికాడ జరిగిన ఒక్క ముచ్చట ఇంగ్లీషుల చెప్పాలె. పుస్తకంల మాట పనికిరాదు, తాజా ముచ్చట గావాలె. నిజం గావాలె. ‘మా బర్రె ఈనింది’, ‘మా అవ్వ మా బాపును తిట్టింది’, గీ తీరుగ. సక్కగ చెప్తే అందరూ మూడు చప్పట్లు కొట్టాలె.

చెప్పరానోడు ‘ఐ డోంట్ నో’ అంటే... అంటే, ‘తెల్వదు’ అంటే... వాడు కొంగకాలు ఎయ్యాలె. ఒక కాలెత్తి, చేతులు రెక్కల లెక్క చాపి, ఇంకో కొంగ దొరికేదాక నిలబడాలె.

ఎందుకు పెట్టిన ఆ కట్టుబాటు అంటవా? నీ ఊరోళ్ల తోని ఏగలేకన్నా! ఏ పోరన్ని ఏమడిగినా ఒక్కటే మాట. ‘తెల్వదు సార్.’ పలక ఏదిరా? తెల్వదు. మీ ఇంటికి తొవ్వ ఎటురా? తెల్వదు. మీ అవ్వనైతే వయసెంత అవ్వా అని ఉత్తగనే అడిగితే, ‘నాకేం తెల్వదు నాయినా, మా ఇంటికి ఎవ్వలూ రాలే’ అన్నది. నేను నవ్వి నవ్వి చచ్చిన.

నేను మక్తలోన్ని. నాకేం ఎర్క? మా దిక్కు కమ్యూనిస్టు సంగపోళ్లు, తుపాకులు, క్యాంపులు, గీ లొల్లి అంత పేపర్ల చదువుడే. ఇక్కడ పటేలు అడిగినా తెల్వదు, రజాకార్లు అడిగినా తెల్వదు, మిలిట్రోళ్లు వచ్చి సంగపోళ్లు యాడికి పోయిండ్రంటే తెల్వదు. ఆ మాటను పట్టుకొనే గద మీ ఊరు ఊరంత పాణంతోని మిగిలింది. తల్లులు పిల్లలకు అన్నం ముద్ద తోని పాటు అదే నేర్పిండ్రు. నేను దాన్ని మొద్దుతనం అనుకున్న. అనుకొని బడిల బంద్ చేసిన. ఎంత పెద్ద పంతుల్ని చూడు!

నీళ్లు తాగరాదే అన్నా. చెంబు అక్కడే ఉన్నది... సరే.

ఆ రోజు సంగతి. పొద్దుగాల పది కొట్టింది. జీపు వచ్చి బడి ముంగట ఆగింది. క్యాంపు ఆఫీసరు ఒక్కడే లోపలికొచ్చిండు. ఏ దేశపోడో, తెలుగు ఒక్క ముక్క రాదు. బంతి ఆట నడుస్తాంది. ‘పిల్లలు ఇంగ్లీషు మాట్లాడుతుండ్రు!’ అని వాకిట్లనే నిలబడ్డడు. వచ్చి నా కుర్చీల కూసున్నడు. నేను నిలబడ్డ. నిలబడుడు ఏం నిలబడుడన్నా, గాలిల తేలుతున్న. మక్తల్ నుంచి బయలెల్లినంక నా ఇంగ్లీషు ఇంగ్లీషని ఒప్పుకున్న మొదటి మనిషి ఆయన!

ఆయన గూడ బంతి అడిగిండు. నర్సింహకు ఇసిరిండు. నిన్న ఏం తిన్నవు? వాడు నిన్నటి గీత మీదికి దుంకి, ‘ఐ ఏట్ జొన్నరొట్టె’ అన్నడు. ఆఫీసరు పడి పడి నవ్విండు. మూడు చప్పట్లు. పోరగాళ్లకు పండుగ.

మల్ల బంతి కౌసల్యకు. ఈ బంతి ఎవలు చేసిండ్రని అడిగిండు. పిల్ల గీత మీద నిలబడి, ‘మై ఫాదర్ మేడ్ దిస్ బాల్’ అన్నది. ఎంత సక్కటి మాట! మూడు చప్పట్లు. ఆయన బంతి వాపస్ తీసుకొని ఇటు అటు తిప్పిండు. కొత్త ఖాకీ ముక్కలు. నవ్వుకుంటనే అడిగిండు, మీ నాయిన గీ గుడ్డతోని ఎవల బట్టలు కుట్టిండని.

పిల్ల చెప్పింది. తొమ్మిది ఖాకీ నిక్కర్లు కుట్టిండని, తొమ్మిది మంది వచ్చి తీస్కపోయిండ్రని.

అవి సంగపోళ్ల బట్టలని ఆయనకు సమజైంది. పగటన్నం యాళ్లకు నీ ఇంటి ముంగట జీపు. నిన్నూ, మిషన్నూ ఎక్కిచ్చుకొని పోయిండ్రు.

అంతే. ఊరికి ఎర్క ఉన్నది గంతే. పిల్ల నోటి నుంచే వచ్చింది, అబద్ధం కాదు. చిన్నపిల్ల, ఆటల పడి చెప్పింది, మాఫ్ చెయ్యమని అడగనీకి వచ్చిన. ఇగ పోత. అంగీలు ఎల్లుండి వచ్చి తీస్కపోత.

...

పోతలేను. జర కూసుంట.

అన్నా, గుండీలు నేనే తెంపిన. నిన్న బ్లేడుతోని, అయిదంగీలవి. ఉత్తగ వస్తే నీ ముంగట కూసోనీకి మొఖం లేదు. చేతిల ఏదన్న పని ఉంటే నన్ను చూడవనుకున్న. నువ్వు సూది దిక్కు చూస్తే నేను చెప్పగల్గుత. తల ఎత్తకు. గట్లనే కుట్టు.

పిల్ల ముందుగాల అది చెప్పలే.

ఎవల బట్టలని ఆఫీసరు అడిగినంక, కౌసల్య బంతిని చూసింది, ఆయన నడుముకున్న పిస్తోలు చూసింది. ‘ఐ డోంట్ నో’ అన్నది. తెల్వదు అన్నది అన్నా! పన్నెండేండ్ల పిల్ల. మీ అవ్వ నేర్పిన మాట, మీ ఊరు నేర్పిన మాట, నేను బంద్ పెట్టిన మాట. అని, ఎవ్వలూ చెప్పకముందే తనంతట తనే కాలెత్తింది. చేతులు చాపింది. కొంగకాలు ఏసి నిలబడ్డది. శిక్ష తీసుకుంట గని చెప్పను అన్నట్టు. అట్ల సాయంత్రం దాకైనా నిలబడేటిది.

ఆఫీసరుకు ఉత్త గుడ్డతోని ఏం తేలలే. పోలీసోళ్లదీ ఖాకీనే, చౌకీదార్లదీ ఖాకీనే. నవ్వి, బంతి బల్ల మీద పెట్టి, టోపీ తీసుకొని లేచిండు. పోతుండె అన్నా. వాకిలి దాకా పోయిండు.

నాకు షరమయింది. ఎందుకు షరమయిందో ఎర్కనా? గంత పెద్ద ఆఫీసరు ముంగట నా క్లాసుల ఫస్టొచ్చే పిల్ల ‘తెల్వదు’ అన్నదని. నా ఇజ్జత్ పోయిందని. నా ముప్పై అయిదు మార్కులు బయట పడ్డయని.

అది బెదిరింది, మాట దొరకలేదనుకున్న... కాదు. అబద్ధమెందుకు, ఇంత దూరం వచ్చినంక. దాని కండ్లు నా దిక్కే ఉన్నయి. వద్దు సార్ అంటున్నయి. నాకు సమజైంది. సగం సమజైంది. ఆ సగాన్ని నేనే అవతలికి నూకిన.

ఊరు ఊరంత దాన్ని అన్నది. వదినె చీపురు తిరగేసి కొట్టింది. కొట్టంగ చూసిన, గోడ అవతల నుంచి. ఒక్కనాడన్న ‘సారే చెప్పుమన్నడు’ అని ఆ పిల్ల నా పేరెత్తలే. పది నెలలు! నిన్ను దాచలేకపోయిన అని కావొచ్చు, నన్ను దాచింది.

ఆ చెంబు అందుకో అన్నా. నా కోసం కాదు. పిల్ల తలుపు ఎన్కనే ఉన్నది, కాళ్లు కనవడుతున్నయి.

‘సార్, షీ నోస్’ అని ఆఫీసర్ని వాకిట్ల నుంచి ఎన్కకు పిలిచింది నేను. ‘కాలు దించు కౌసల్యా, నీకు ఎర్కనే, సక్కగ చెప్పు’ అన్నది నేను. దించింది. నిన్నటి గీత మీద నిలబడి చెప్పింది. కండ్లల్ల నీళ్లు, మాటల ఒక్క తప్పు లేదు.

పిల్లలెవ్వలూ కదల్లే అన్నా. చప్పట్లు నేనొక్కన్నే కొట్టిన. మూడు.